సాగనంపు బండి

తూర్పుకొండ అంచు మీద సూర్యుడు, తోమి బోర్లించిన రాగి కాగులా తళతళలాడుతూ పైకి లేచాడు. సువర్ణద్రోణి రాజ్యంలో అది మెడగంటలు మోగవలసిన వేళ. ఉప్పు బండ్లు, బెల్లం బండ్లు, పెళ్లివారి గూడుబండ్లు రాజబాట నిండా బారులు తీరి, అవి లేపిన ధూళికి పొద్దు కూడా పసుపు పూసుకున్న పెళ్లికూతురిలా కనిపించవలసిన వేళ. ఆ ఉదయం బాట మీద గంట మోగలేదు. ధూళి లేవలేదు. మబ్బు తునక లేని ఆకాశంలో మాత్రం పొగతో చేసిన ఎద్దు ఒకటి, ముందరి ఎడమకాలు ఈడ్చుకుంటూ దక్షిణ దిక్కుగా నడుస్తోంది.

"చూశావా మాచా? నిన్న దానికి కొమ్ములు లేవు. ఇవాళ మొలిచాయి" అన్నాడు రాకుమారుడు మణికేతుడు. అతను జొన్నచేలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"భయపడేవాళ్లు పెరిగారు దొరా. దాని మేత అదేగా" అన్నాడు మాచన తల ఎత్తకుండా.

మాచన ఎద్దులకు లాడాలు కొట్టేవాడు. ఇప్పుడు తుమ్మకర్ర చివరకు లాడం కొడుతున్నాడు. పక్కన అలాంటివే ఇంకో మూడు కర్రలు. చప్పుడు బయటికి పోకుండా లాడం మీద తలగుడ్డ మడిచి పెట్టాడు. సుత్తి పిడి బాగా అరిగింది. ఎవరిదో పెద్ద చేతి వేళ్ల గుంటలు దాని మీద నిలిచిపోయాయి. ఆ గుంటల్లో మాచన వేళ్లు ఇంకా సరిగ్గా కూర్చోవు.

మూడు నెలల కిందట రాజ్యంలోకి గాలికుంటు వచ్చింది. పశువుల నోట పుండ్లు లేచేవి. తాళ్లలా చొంగ కారేది. గిట్టల నడుమ చీలి నడవలేక కూలబడేవి. రోగం కన్నా దాని పేరు ఎక్కువ హాని చేసింది. పేరులో గాలి ఉంది గనక అది బాటసారుల ఊపిరిలో వస్తుందన్నారు. కుంటు ఉంది గనక కుంటే మనిషికి అది సోకినట్టేనన్నారు. పాలు తాగితే మోకాళ్లు పట్టేస్తాయన్నారు. సత్రాలకు తాళాలు పడ్డాయి. తల్లీకూతుళ్లు పొలిమేర రాయికి అటొకరు ఇటొకరు నిలబడి, ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని పురిటి కబుర్లు చెప్పుకున్నారు. ఈ మాటలన్నిటికీ నూనె పోసి వెలిగించినవాడు ధూమకేశుడనే మాంత్రికుడు. తలచుకుంటే డేగ రూపం ఎత్తగలడు. ధూపం వేసి ఆకాశంలో ఎద్దును నడిపించగలడు, జనం దాన్ని గాలెద్దు అంటారు. రాజుగారు కోట తలుపులు బిగించుకుని అతను చెప్పిందే వింటున్నారు.

ధూమకేశుడు చెప్పిన విరుగుడు ఒక బండి. ఇంటికొచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు రోగాన్నీ మర్యాదగా సాగనంపాలన్నాడు. ఊళ్లో మొదట చచ్చిన పశువు పలుపుతాడు, అది తినగా మిగిలిన గడ్డి ఆ బండికి ఎత్తాలి. పసుపు కుంకుమలు చల్లి, ఊరంతా కలిసి తోసి పొలిమేర దాటించాలి. అవతలి ఊరు దాన్ని ఎదురేగి తెచ్చుకుని, తొమ్మిది రోజులు నడివీధిలో నిలిపి మొక్కి, తమ పలుపు కూడా అందులో వేసి ఆ పై ఊరికి తోస్తుంది. బండి వచ్చిన మూడోనాడు ఊళ్లో పశువులు పడిపోయేవి. "చూశారా, బండి వేళకి వచ్చింది గనక సరిపోయింది! లేకుంటే ఏమయ్యేవాళ్లం?" అని జనం బండికి ఇంకో కొబ్బరికాయ కొట్టేవారు.

అలా పదకొండు ఊళ్లు తిరిగింది బండి. ఈ మధ్యాహ్నం నాగవంక ఏరు దాటి పాలవెల్లి లోయలోకి పోతుంది. రాజ్యంలో రోగం తగలని మంద పాలవెల్లిలోనే మిగిలింది. ఏడువందల ఆవులు, వాటి దూడలు. అవి కూడా పడితే వచ్చే ఏరువాకకు సువర్ణద్రోణిలో కాడి మోసే మెడ ఉండదు.

బండికి ముందు రోగం రాలేదు, బండి వెనకే వచ్చిందని కనిపెట్టినవాడు మాచన గురువు, లాడాల సింగన్న. ఆ మాట చెప్పడానికి ఊరూరా తిరిగాడు. పెద్దవాడు, మోకాలి నొప్పితో కాస్త కుంటేవాడు. రేలపాడు ఊరివాకిలి గవిని దగ్గర జనం ఆయన కుంటు చూశారు. మాట వినలేదు. రాళ్లు విసిరారు.

సుత్తి మాచన చేతికి అలా వచ్చింది.

ఇక రాకుమారుడి సంగతి. కొండదేశం నుంచి తిరిగి వస్తూ గుర్రం మీంచి పడి ఎడమ మడమ విరగ్గొట్టుకున్నాడు. కుంటుకుంటూ సొంత కోట ముందు నిలబడితే కావలివాళ్లు వడిసెలలు తీశారు. రాజముద్ర ఉంగరం చూపిస్తే, "కుంటోడు ఉంగరం కూడా కొట్టేశాడు రోయ్!" అని ఇంకో రెండు రాళ్లు ఎక్కువ విసిరారు. ఆ రాళ్ల కింద నుంచి అతన్ని లాక్కొచ్చినవాడు మాచన. బండిని ఆపమని చెప్పగల అధికారం ఒకరిది, ఎందుకు ఆపాలో తెలిసిన బుద్ధి ఒకరిది. ఇద్దరికీ ఆ రాజ్యంలో నడవడానికి బాట లేదు.

నాగవంకకు పోవాలంటే రేలపాడు గవిని ఒక్కటే దారి. రెండు పక్కలా నిటారు కొండలు.

"అయింది. లేవండి దొరా" అన్నాడు మాచన. "ఇవి మరకాళ్లు. మోకాలి కింద కట్టుకుని నడిస్తే మహా మల్లుడైనా ఊగుతాడు. నేనూ కట్టుకుంటా. ఇద్దరం ఊగుతుంటే ఎవరి కుంటు ఎవరిదో బ్రహ్మక్కూడా తెలీదు."

"మడమ?"

"నొప్పి పుడుతుంది."

"ఎంత?"

"నేను చెప్పడం ఎందుకు, మీకే తెలుస్తుందిగా."

మణికేతుడు నవ్వబోయి, మాచన కట్టు బిగించేసరికి పళ్లు కొరికాడు. ఇద్దరూ ముఖాలకు మసి, ఎర్రమన్ను పూసుకున్నారు. మాచన తన సంచిలోంచి చిన్న కుండ తీసి, అందులోని బూడిదనీళ్లు నాలుగు లాడాల మీదా చేతుల మీదా పోశాడు. ఏ ఊళ్లోంచి బయలుదేరినా అతను ముందు చేసే పని అదే. సింగన్న నేర్పింది అదే: రోగానికి రెక్కల్లేవు, అది మన కాళ్లతో నడుస్తుంది, కాళ్లు కడుక్కుని నడువు.

"ఇంకో మాట దొరా. గవిని దగ్గర మిమ్మల్ని ఒరే బావా అంటాను."

"అను. మా పినతండ్రి కొడుకులు ఇంతకన్నా ఘోరంగా పిలుస్తారు."

రేలపాడు గవిని ఆ రోజు అమ్మవారి జాతరలో గుర్రంలా అలంకరించి ఉంది. వేపమండలు, నిమ్మకాయ దండలు, ఎండు మిరపకాయల తోరణాలు, గుమ్మడికాయల మీద సున్నపు బొట్లు, నడుమ మనిషెత్తు పసుపునీళ్ల బాన. ఇన్ని అందాల నడుమ రాళ్ల గుట్ట ఒకటి, చేతికి అందేట్టు పేర్చి ఉంది. బాన పక్కన నడుం బిగించి నిలబడింది తలారి పోలమ్మ. మొగుడు పోయాక ఊరి కావలి ఆమెది. గొంతు నగారా, చెయ్యి గునపం.

ఒక బొద్దు ఉప్పువర్తకుడు అప్పుడే వీధి సగానికి వెళ్లి బుస్సున ఊపిరి వదిలాడు.

"వదిలాడు! వదిలాడు! మళ్లీ మొదటికి రా!" అని కేకేసింది పోలమ్మ.

"తల్లీ, ఇది నాలుగోసారి! ఈ చివర నుంచి ఆ చివరకు ఊపిరి బిగబట్టి పోవాలంటే నేనేమన్నా మొసలినా?"

"కాదు, దున్నపోతువి. తిండి తగ్గించు, ఊపిరి పెరుగుద్ది. రా, రా!"

మాచన, మణికేతుడు ఊగుతూ వచ్చి ఆమె ముందు ఆగారు. పోలమ్మ తల వెనక్కి వాల్చి చూసింది.

"ఎవురయ్యా మీరు? మనుషులా, తాటిచెట్లా?"

"పగటివేషాలోళ్లం అక్కా. పాలవెల్లిలో ఆటుంది" అన్నాడు మాచన.

"గొడ్డూగోదా పోయి మేం ఏడుస్తంటే మీకు ఆటలా?"

"రోగాలొచ్చాయని ఆకలి మానుకోలేదక్కా, ఏం చెయ్యం?"

ఆమె మూతి బిగువు కాస్త సడలింది. "ఆ పొడుగోడు మాట్లాడడేం?"

"మా బావ. వాగుడు ఎక్కువని ఆట రోజు నోరు కుట్టేస్తాం. ఒరే బావా, అక్కకి దండం పెట్టరా."

సువర్ణద్రోణి రాకుమారుడు రెండు చేతులూ జోడించి తలారికి దండం పెట్టాడు. దండం పెడుతూ ముందుకి తూలాడు, వెనక్కి తూలాడు, ఉప్పువర్తకుడి తల పట్టుకుని నిలబడ్డాడు. పోలమ్మ ఫక్కున నవ్వింది.

"పోండి. ఊపిరి పట్టండి. ఆ చివర గవిని దాటినాకే వదలాలి. నడమ వదిలితే మా ఊరి గాలిలో మీ గాలి కలుస్తది."

ఇద్దరూ ఊపిరి పట్టారు. లాడాలు రాతిబాట మీద టకటకలాడుతున్నాయి. వీధికి రెండు వైపులా తలుపుల సందుల్లో కళ్లు. ఏ కొట్టంలోనూ అంబా అన్న పిలుపు లేదు. మాచన చెవుల్లో రక్తం హోరెత్తింది. మణికేతుడి మడమ కట్టు ఎర్రబడింది. గవిని ఇంకా ఇరవై అంగలు. పది. అయిదు.

"ఆగు!"

పోలమ్మ గొంతు. ఊపిరి కనిపెడుతూ వాళ్ల వెనకే వచ్చింది. నవ్వు లేని గొంతు.

"ఆ నడుంలో సుత్తి... అరిగిన పిడి... అది లాడాల సింగన్నది కాదూ?"

మాచన వెనక్కి తిరగలేదు. ఊపిరి వదిలాడు. "అవునక్కా" అన్నాడు.

వెంటనే తూతూకొమ్ము మోగింది. "కుంటాయన మనిషి! గాలి తెచ్చాడు! పట్టండి!"

"బావా, పరిగెత్తు!"

మరకాళ్ల మీద పరుగంటే ఏమిటో ఆ ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆగితే పడతారు, పడకుండా ఉండాలంటే పరిగెత్తాలి. ఒక్కో అంగకు మూడు బారల నేల వెనక్కి పోతోంది. మీదికొచ్చిన రాయి ఒకటి మాచన భుజానికి తగిలింది, రెండోది కర్రకు తగిలి ఖంగుమంది. గవిని అడ్డకర్రను మణికేతుడు అమాంతం దాటేశాడు. మాచనా దాటి, పై తోరణాల కింద వంగబోయి, వంగితే పడతానని గుర్తొచ్చి, వాటిని మెడలో వేసుకుని మరీ దూసుకుపోయాడు. వెనక కర్రలు, కత్తులు, కుక్కలు, కేకలు. ఊరు దాటితే పొలం, పొలం దాటితే బురద.

బురదలో పడ్డ అడుగుల దగ్గర తరిమేవాళ్లు ఆగిపోయారు. మాచన కర్రకొకటి చొప్పున కొట్టినవి లాడపు బద్దలు. ఎద్దు గిట్టకు రెండేసి బద్దలుంటాయి. ఒంటి బద్ద ముద్రలు, బారలేసి దూరంలో, ఏ జంతువుకూ లేని నడకతో సాగిపోతున్నాయి.

"ఓరి నాయనో! సగం గిట్టలు! గాలెద్దు రెండు కాళ్ల మీద నడిచింది!"

పుకారుకి మరకాళ్లు అక్కర్లేదు. అడ్డదారిన పొలాల మీదుగా అది వాళ్ల కన్నా ముందే జమ్ములబండ చేరింది. చివరి ఊరు అది. అక్కడ ఇద్దరూ అడుగు పెట్టేసరికి వీధి నిర్మానుష్యంగా ఉంది. పొయ్యి మీద పొంగుతున్న కుండ, సగం అల్లిన బుట్ట, తిరగలి మీద ఇంకా తిరుగుతున్న పిడి. ఒక అటక మీంచి ముసలిగొంతు మాత్రం, "స్వామీ గాలెద్దూ, మా వియ్యపురాలి ఇల్లు పక్కవీధిలో ఉంది, అటు పో నాయనా" అని వేడుకుంది.

"మాచా," అన్నాడు మణికేతుడు రొప్పుతూ, "రేపు నేను రాజునైతే ఈ జనాన్ని ఏలాలా?"

"రేపటి సంగతి రేపు దొరా. పైన చూడండి!"

ఆకాశంలో పొగఎద్దు ఆగింది. తల తిప్పింది. ఒక్క పూటలో రెండు ఊళ్ల భయం మేసి అది కొండంత అయింది. మూపురం మీద మెరుపులు, ముక్కుల్లో నిప్పురవ్వలు, కొమ్ముల నడుమ సుడి తిరిగే బూడిద. చూస్తూ ఉండగానే కిందికి దిగి బాటకు అడ్డంగా నిలిచి, కాలు దువ్వింది. దువ్విన చోట గడ్డి నల్లగా మాడింది. వెనక, పోలమ్మ అదిలిస్తే మళ్లీ తరుముకొస్తున్న రేలపాడు జనం, ముందు పొగఎద్దు.

మాచన కళ్లు ఎద్దు కాళ్ల మీద పడ్డాయి. ఇరవై ఏళ్లుగా అతను ముందు చూసేది కాళ్లే.

"దొరా! దానికి గిట్టల్లేవు!"

"అయితే?"

"గిట్టల్లేనిదానికి బరువు లేదు! అది పొగ. ముక్కులో పోతే చంపుతుంది, పోకపోతే ఏం చెయ్యలేదు. పోలమ్మ నేర్పింది గుర్తుందా?"

"ఊపిరి పట్టమంటావు!"

ఇద్దరూ గుండెల నిండా గాలి తీసుకుని ఎద్దు కొమ్ముల్లోకి ఉరికారు. లోపల అర్ధరాత్రి చీకటి. వేపాకు, గంధకం, కాలిన వెంట్రుకల ఘాటు కళ్లలో గుచ్చుకుంది. ఎద్దు రంకె చెవుల్లో కాదు, పక్కటెముకల్లో మోగింది. మణికేతుడు తూలాడు. మాచన చేత్తో తడిమి అతని మొలతాడు పట్టుకున్నాడు. ఒక అంగ, రెండు, ఏడు, పది. ఛాతీ పగులుతుందనగా చల్లటి గాలి ముఖాన కొట్టింది. వెనక పొగఎద్దు నడుమ మనుషులు పట్టేంత రెండు కన్నాలు పడి ఉన్నాయి. వాటిలోంచి నీలాకాశం కనపడుతోంది. రేలపాడు జనం ఆ కన్నాలు చూశారు. పోలమ్మ అందరికన్నా ముందు, ఆగకుండా, ఆ కన్నంలోంచే దూకింది.

ఎదర నాగవంక.

వెండి పళ్లెంలో పాదరసం ఒలికినట్టు ఎండలో మిలమిలలాడుతోంది ఏరు. అవతలి గట్టున పాలవెల్లి లోయ. పచ్చిక ఎండలో నిగనిగలాడుతోంది. ఆ పచ్చిక నిండా తెల్లావులు, గోధుమ ఆవులు, నల్లమచ్చల ఆవులు, తల్లుల చుట్టూ గెంతే దూడలు. ఇవతలి గట్టున డప్పులు. పొద్దున్నే ఊరు విడిచి బయలుదేరిన జమ్ములబండ జనం సాగనంపు బండిని చేతులతో తోస్తూ ఒడ్డుకు తెస్తున్నారు. బంతిపూలతో బండి పెళ్లిరథంలా ఉంది. లోపల పలుపులు, కుళ్లుగడ్డి. వాటి కింద కారిన చొంగ ఎండి తెల్లగా మెరుస్తోంది. ఒడ్డున తెప్ప సిద్ధంగా ఉంది. తెప్ప మీద పొగ రంగు జడలు విరబోసుకుని ధూమకేశుడు. అతని ఎడమచేతిలో ఒక పలుపు, దానికి ఇత్తడి గంట. సాగనంపులో తెప్ప మీద ముందు నిలిచేవాడు ఒక పలుపు చేత పట్టుకోవడం ఆచారం.

"తొయ్యండి! నా చెయ్యి తగలకూడదు, మీ చేతులతోనే తొయ్యండి!" అంటున్నాడు ధూమకేశుడు. రేపు రాజు నిలదీస్తే జనం చేసిందనాలి. ఎద్దు లేవని రాజ్యంలో రథం లేవదు. పొరుగున, అతన్ని పంపిన పింగళదుర్గం సేన ఆ కబురు కోసమే కాచుకుని ఉంది.

బండి వాలులోకి దిగింది. మాచన కట్లు లాగి విప్పుకుని మరకాళ్ల మీంచి దూకాడు. దూకడం దూకడం చక్రం పక్కనే పడి, దొర్లి, మోకాళ్ల మీద లేచి, నడుంలోంచి సుత్తి లాగాడు. ఇరుసు సీల మీద ఒక్క దెబ్బ. సీల వంగింది. రెండో దెబ్బకు పిడి గుంటల్లో వేళ్లు కుదురుకున్నాయి. సీల ఎగిరి ఏట్లో పడింది. చక్రం ఊడి, తన దారిన తాను దొర్లుకుంటూ డప్పులవాళ్ల మధ్య నుంచి పోయింది. బండి ఒక పక్కకు ఒరిగి ఇసుకలో కూలబడింది.

డప్పులు ఆగాయి.

అదే క్షణాన మణికేతుడి మరకాళ్ల కట్లు తెగాయి. అతను బండి ముందు ధబాలున పడి, లేచి నిలబడి, రెండడుగులు వేశాడు. అందరూ చూశారు. ఎడమకాలు ఈడుస్తున్నాడు.

"కుంటోడు! గాలి సోకినోడు!" వంద చేతులు ఇసుకలోకి వంగి వంద రాళ్లతో లేచాయి.

"ఆగండి!" అంటూ పోలమ్మ రొప్పుతూ గట్టు దిగింది. ఆమె చేతిలోనూ రాయి ఉంది. "ఈ సుత్తోణ్ని నేను కొడతా. మా గవినిలో నాకే టోపీ వేశాడు."

మాచన లేవలేదు. మోకాళ్ల మీదే ఉండి అడిగాడు: "కొట్టు అక్కా. ముందు ఒక్కటి చెప్పు. మీ ఊళ్లో మొదట పడింది ఎవరి ఆవు?"

"నాదే. గోరింట. నా బిడ్డ లాంటిది."

"ఎప్పుడు పడింది?"

"బండి మా ఊరొచ్చిన మూడోనాడు."

"మూడోనాడు. కుంటే సింగన్న మీ గవిని దగ్గరికి ఎప్పుడొచ్చాడు?"

పోలమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మెల్లగా అంది: "ఆరోనాడు."

"మరి గోరింటకి గాలి తెచ్చిందెవరు?"

గుంపులోంచి ఎవరో, "మాకూ మూడోనాడే" అన్నారు. ఇంకెవరో, "మా ఎద్దు ఆ బండిలో గడ్డే మేసింది... మొక్కు గడ్డి కదా అని నేనే పెట్టా" అని ఆగిపోయారు. ఆ ఆగిపోవడం గుంపంతా పాకింది. రాళ్లు పట్టుకున్న చేతులు ఎక్కడివి అక్కడ నిలిచాయి.

మణికేతుడు ముఖం మీది మసి తుడుచుకుని, ఉంగరం తీసి ఇసుకలో పెట్టాడు. "నేను మణికేతుణ్ని. గుర్రం మీంచి పడ్డాను, అందుకు కుంటుతున్నాను. ఈ ఉంగరం నాది కాదనుకుంటే కొట్టండి. నాదనుకుంటే ఆ బండికి నిప్పు పెట్టండి."

పోలమ్మ చేతిలోని రాయి ఇసుకలో పడింది. ఆమె వెళ్లి హారతి పళ్లెంలోని కర్పూరం బండిలోకి ఒంపింది.

కుళ్లుగడ్డి గుప్పుమంది. పలుపులు పాముల్లా మెలికలు తిరిగి కాలాయి. మాచన వాటిని ఒక్కొక్కటీ కర్రతో తిప్పుతూ లెక్కపెట్టాడు. ఊరికొకటి చొప్పున పదకొండు ఉండాలి. పది ఉన్నాయి.

తలెత్తేసరికి తెప్ప మీద ధూమకేశుడు లేడు. తెప్ప తాళ్లు తెగి, దుంగలు విడివిడిగా ప్రవాహంలో పోతున్నాయి. వాటి పైన బూడిదరంగు డేగ ఒకటి రెక్కలు బరువుగా కొట్టుకుంటూ అవతలి గట్టు వైపు పోతోంది. దాని గోళ్లలో పలుపు. పలుపు చివర ఇత్తడి గంట.

గంట మోగుతోంది. ఆ పొద్దు మొదలుకొని ఎవరూ వినని మెడగంట, ఆకాశంలో మోగుతోంది.

"అది నా గోరింట గంట" అంది పోలమ్మ.

"గంట బరువుంది, పైకి లేవలేకపోతోంది. అందుకోవచ్చు!" అని మణికేతుడు అప్పుడే తెగిన తాళ్లు ముడేసి మరకాళ్లు కట్టుకుంటున్నాడు. "మాచా, ఏరు ఎంత లోతు?"

మాచనకు ఈత రాదు. అతను తన కర్రలు అందుకుని, లాడాల మీద పోయడానికి బూడిదనీళ్ల కుండ వెతికాడు. అది ఎక్కడో దారిలో పగిలిపోయింది. శుభ్రమైన గట్టు మీదికి ఈ బురద లాడాలతో ఎలా పోవడం?

"ఏం పోస్తావయ్యా వాటికి?" అంది పోలమ్మ.

"బూడిదనీళ్లు అక్కా. లేకపోతే బాగా పులిసిన గంజి, కలి."

ఆమె నడుంకి కట్టిన ముంత విప్పింది. మధ్యాహ్నం తాగుదామని తెచ్చుకున్న కలి. పులిసిన వాసన గుప్పున కొట్టింది. వంగి, నాలుగు లాడాలకూ సందుసందునా పోసి, వేలితో రుద్దింది. కొంచెం మాచన చేతుల్లో పోసింది. ఆ సుత్తి వంక ఒకసారి చూసి, మిగిలిన రెండు చుక్కలూ దాని పిడి మీద ఒంపింది.

"పో" అంది. గొంతు నగారాలా లేదు.

ఇద్దరూ ఏట్లోకి దిగారు. నీళ్లు కర్రల చుట్టూ సుడులు తిరిగి నురగ కక్కాయి. అడుగున నాచురాళ్ల మీద లాడాలు జర్రున జారి, పట్టు దొరికి, మళ్లీ జారాయి. అవతల దూడలు తలలెత్తి గంట వైపు చూస్తున్నాయి. తెలిసిన పిలుపు అనుకుని ఒక పిల్లదూడ తోక ఎత్తి గట్టు వైపు పరుగందుకుంది. డేగ ఇంకా కిందికి వాలింది.

"కుడికి పోతన్నావు, కుడికి పోమాక!" వెనక గట్టు మీంచి, ఏరు హోరును చీల్చుకుంటూ పోలమ్మ గొంతు మళ్లీ నగారాలా లేచింది. "అక్కడ మడుగుంది కుంటయ్యా! ఎడమ కాలు వెయ్యి... ఎడమ కాలే వెయ్యి!"

మణికేతుడు విరిగిన మడమ మీద బరువంతా మోపి ఎడమకాలు ముందుకు వేశాడు.